ఫ్లై యాష్ జియోపాలిమర్ కాంక్రీటు బలం ఏళ్ల తరబడి నిలుస్తుందా?

ప్రశ్న: కృష్ణాతీరం_ప్రీకాస్ట్

నమస్కారం. ఇబ్రహీంపట్నం దగ్గరి కాంక్రీటు వస్తువులను ముందే పోసి అమ్మే ఒక చిన్న ప్రీకాస్ట్ యూనిట్‌లో నాణ్యత బాధ్యతలు చూస్తున్నాను. నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం కూతవేటు దూరంలో ఉండడం వల్ల మాకు ఫ్లై యాష్ (బొగ్గు కాలాక పొగతో వచ్చే మెత్తటి బూడిద) దొరకడం కష్టం కాదు. కొంతకాలంగా సిమెంటు వాడకుండా, ఫ్లై యాష్‌ను కాస్టిక్ సోడా, సోడియం సిలికేట్ ద్రావణాలతో కలిపి చేసే జియోపాలిమర్ కాంక్రీటుతో రోడ్డు అంచున పెట్టే కెర్బ్ రాళ్లు, మురుగు కాలువల మూత పలకలు పోస్తున్నాం. పోసిన మర్నాడు 60 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఆవిరి పెడుతున్నాం.

పరీక్ష కోసం పోసిన క్యూబులు ఏడో రోజుకే మేము కోరిన బలాన్ని అందుకుంటున్నాయి. అయితే ఆ తరువాత 28వ రోజున పరీక్షించినా, మూడు నెలలకు పరీక్షించినా అంకె దాదాపు కదలడం లేదు. ఆరు నెలల క్యూబుల్లో కొన్ని కాస్త తక్కువ కూడా చూపించాయి. ఆవిరి పెట్టకుండా షెడ్డులోనే వదిలేసినవి మాత్రం మొదట్లో బాగా బలహీనంగా ఉండి, నెలలు గడిచేకొద్దీ పెరుగుతూ వస్తున్నాయి. ఇన్నాళ్లూ సిమెంటు కాంక్రీటుతో పనిచేసిన నాకు, వయసుతో పాటు పెరగని బలాన్ని చూస్తే నమ్మకం కలగడం లేదు.

మా పలకలు తీసుకునే మునిసిపల్ ఇంజనీరు గారు ఇది ఇరవై ఏళ్లు ఉంటుందని దేన్ని చూసి చెబుతున్నారని అడిగారు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. ఆవిరి పెట్టిన కాంక్రీటులో బలం అక్కడే ఆగిపోవడం సహజమేనా, దశాబ్దాల వయసున్న నిర్మాణాల నుంచి ఆధారాలు ఏమైనా ఉన్నాయా, ఆవిరి ఖర్చు తప్పించుకోవడానికి కొంత స్లాగ్ (ఇనుము తయారీలో మిగిలే మడ్డి పొడి) కలిపితే దీర్ఘకాలంలో ఏమవుతుంది అన్న విషయాలు తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: వరంగల్_మెటీరియల్స్

కృష్ణాతీరం గారూ, ఇంజనీరింగ్ కళాశాలలో కాంక్రీటు సాంకేతికత బోధిస్తున్నాను, కాబట్టి మొదటి ప్రశ్నను కొంచెం విస్తారంగా తీసుకుంటాను. మీరు చూసిన ధోరణి సహజమైనదే. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలోని కర్టిన్ విశ్వవిద్యాలయంలో రంగన్ గారు, హర్జితో, వల్లా కలిసి తక్కువ కాల్షియం ఉన్న ఫ్లై యాష్‌తో చేసిన పరిశోధనలు 2005, 2006 సంవత్సరాల్లో నివేదికలుగా వచ్చాయి. 60 డిగ్రీల వద్ద 24 గంటలు వేడి పెట్టిన నమూనాల బలం ఆ తరువాత వయసుతో పెద్దగా మారలేదని, గది ఉష్ణోగ్రత వద్ద వదిలినవి మాత్రం వారాల తరబడి బలపడుతూ వచ్చాయని వారు గమనించారు. వేర్వేరు నెలల్లో పోసిన కాంక్రీటులో ఏడో రోజు బలం అప్పటి వాతావరణపు వేడిని బట్టి మారింది. అంటే మీ షెడ్డులో మే నెలలో పోసిన క్యూబుకూ డిసెంబరులో పోసిన క్యూబుకూ తొలి బలంలో తేడా కనబడితే ఆశ్చర్యపడనవసరం లేదు.

దీనికి కారణం రసాయన చర్యలోనే ఉంది. సిమెంటు రేణువు నీటిని తనలో కలుపుకొని గట్టిపడుతుంది. రేణువు లోపలి భాగం ఏళ్లపాటు మిగిలే ఉంటుంది కనుక, తేమ ఉన్నంతకాలం ఆ చర్య నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. ఫ్లై యాష్ జియోపాలిమర్‌లో క్షారం ముందుగా బూడిదలోని గాజు భాగాన్ని కరిగిస్తుంది. అలా విడుదలైన సిలికా, అల్యూమినా ముక్కలు ఒకదానితో ఒకటి ముడిపడి సోడియం అల్యూమినోసిలికేట్ జెల్‌గా మారతాయి. ఈ కూర్పులో నీరు బంధకపు నిర్మాణంలో భాగం కాకుండా చాలావరకు రంధ్రాల్లోకి వెలివేయబడుతుంది. వేడి పెడితే కరగడమూ ముడిపడడమూ మొదటి రోజే చాలావరకు పూర్తవుతాయి, కరగని రేణువుల చుట్టూ జెల్ పొర పేరుకుంటుంది, ఆ తరువాత చర్య ముందుకు సాగడానికి అవకాశం తగ్గిపోతుంది. కాబట్టి బలం ఆగడాన్ని పాడైపోవడానికి సూచనగా తీసుకోనక్కరలేదు. సిమెంటు కాంక్రీటు విషయంలో కూడా, కాంక్రీటు డిజైనుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, ప్రత్యేకమైన ఆధారం లేనప్పుడు 28 రోజుల బలం మీదనే డిజైను చేస్తాం. తరువాత వచ్చే పెరుగుదలను లెక్కలోకి తీసుకోం.

అసలు నాకు ధైర్యం కలిగించేది బలం కన్నా క్రీప్ (బరువు కింద ఏళ్ల తరబడి నెమ్మదిగా రూపు మారడం), కుంచించుకుపోవడం గురించిన కొలతలు. వేడి పెట్టిన ఫ్లై యాష్ జియోపాలిమర్ ఎండేటప్పుడు కుంచించుకునే పరిమాణం ఏడాది తరువాత 100 మైక్రోస్ట్రెయిన్ (మీటరుకు 0.1 మిల్లీమీటరు) దగ్గరే ఉందని కర్టిన్ వారు నమోదు చేశారు. వేడి పెట్టనిదానిలో అది కొద్ది నెలలకే 1500 మైక్రోస్ట్రెయిన్ వరకూ వెళ్లింది, అందులోనూ ఎక్కువ భాగం మొదటి వారాల్లోనే జరిగింది. షెడ్డులో వదిలిన మీ క్యూబులు బలం పెంచుకుంటున్నాయని సంతోషించేముందు అదే మిశ్రమంతో పొడవాటి కెర్బ్ రాయి పోసి, సన్నని పగుళ్లు వస్తున్నాయేమో చూడండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ కాంక్రీటు స్థితిస్థాపక గుణకం, అంటే బరువుకు వంగకుండా నిలిచే బిగువు, తక్కువ. కర్టిన్ కొలతల్లో 44 నుంచి 89 మెగాపాస్కల్ బలానికి అది 23 నుంచి 31 గిగాపాస్కల్ వరకే ఉంది. ఐఎస్ 456 సూత్రం ఎం40 (40 మెగాపాస్కల్) కాంక్రీటుకే 31 గిగాపాస్కల్ దాటి ఇస్తుంది. అవి సిలిండర్ నమూనాలన్న తేడాను లెక్కలోకి తీసుకున్నా, పలక వంగడాన్ని లెక్కించేటప్పుడు ఆ సూత్రాన్ని నేరుగా వాడకూడదు.

ఆరు నెలలకు కొన్ని క్యూబులు తగ్గాయన్నారు. అవి ఏ స్థితిలో నిల్వ ఉన్నాయో, తడిగా పరీక్షించారో పొడిగా పరీక్షించారో తెలియకుండా వ్యాఖ్యానించడం సరికాదు.

జవాబు: టూవూంబా_నుంచి

మిగిలిన రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంతవరకు రాస్తాను. క్వీన్స్‌లాండ్‌లో ప్రీకాస్ట్ రంగంలో పనిచేస్తున్నాను, జియోపాలిమర్‌తో కట్టిన పెద్ద నిర్మాణాలు మా పరిసరాల్లోనే ఉన్నాయి. 2014లో ప్రారంభమైన టూవూంబా వెల్‌క్యాంప్ విమానాశ్రయంలో దాదాపు 40,000 ఘనపు మీటర్ల జియోపాలిమర్ కాంక్రీటు వాడారు. విమానాలు నిలిచే చోట్ల వేసిన మందపాటి పలకలు దానితో పోసినవే. అంతకు ముందు ఏడాది బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక భవనానికి 33 ప్రీకాస్ట్ అంతస్తు దూలాలు ఇదే కాంక్రీటుతో చేసి అమర్చారు. అయితే ఈ రెండింటిలోనూ బంధకం స్లాగ్, ఫ్లై యాష్ కలిసినది. కేవలం ఫ్లై యాష్‌తో వేడిపెట్టి చేసిన మీ పలకలకు వీటిని నేరుగా సాక్ష్యంగా చూపించలేం.

ఇంకా పాత ఉదాహరణలకు వెళ్తే, కీవ్‌లో గ్లుఖోవ్‌స్కీ 1950ల చివర్లో మొదలుపెట్టిన పరిశోధనల ఫలితంగా, ఆనాటి సోవియట్ యూనియన్‌లో మరియుపోల్ వంటి నగరాల్లో క్షారంతో చైతన్యపరచిన, అంటే సిమెంటుకు బదులు క్షారం కలిపి గట్టిపడేలా చేసిన, కాంక్రీటుతో నివాస భవనాలే కట్టారు. దశాబ్దాల సేవ తరువాత అలాంటి నిర్మాణాల నుంచి తీసిన నమూనాలను మెల్‌బోర్న్, కీవ్ పరిశోధకులు కలిసి పరిశీలించి 2008లో ప్రచురించారు, అవి బాగానే నిలిచాయి. కానీ అవి కూడా స్లాగ్ ఆధారితమైనవే. కాబట్టి మీ ఇంజనీరు గారికి చెప్పవలసిన నిజం ఇది: క్షారంతో చైతన్యపరచిన బంధకాలకు మొత్తంగా అర్ధశతాబ్దపు అనుభవం ఉంది, తక్కువ కాల్షియం ఫ్లై యాష్ రకానికి మాత్రం మన చేతిలో ఉన్నది ప్రధానంగా ప్రయోగశాలల సమాచారం, దానితో పాటు సాపేక్షంగా కొత్త నిర్మాణాలు. ఈ రెండింటినీ కలిపేసి చెప్పడం ఈ రంగంలో తరచుగా జరుగుతోంది. ఆ పద్ధతి ఈ పదార్థానికే చెడ్డపేరు తెస్తుందని నా అభిప్రాయం.

స్లాగ్ కలపడం గురించి. స్లాగ్‌లోని కాల్షియం వల్ల గది ఉష్ణోగ్రతలోనే త్వరగా గట్టిపడుతుంది, సిమెంటులో ఏర్పడేదాన్ని పోలిన కాల్షియం అల్యూమినోసిలికేట్ జెల్ కూడా తోడవుతుంది. అంతమాత్రాన దీర్ఘకాలంలో స్లాగ్ వైపే మొగ్గు ఉంటుందని అనుకోకూడదు. మెల్‌బోర్న్‌లోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి వర్ధోనో, లా, సహచరులు 2017లో ప్రచురించిన పోలికను చూడండి. పూర్తి స్లాగ్ కాంక్రీటును, తక్కువ కాల్షియం ఫ్లై యాష్ జియోపాలిమర్‌ను పక్కపక్కన పెట్టి 540 రోజుల వరకు పరీక్షించారు. మొదటి 90 రోజులు స్లాగ్ కాంక్రీటే అన్నిటా ముందుంది. 90 నుంచి 540 రోజుల మధ్య స్లాగ్ కాంక్రీటు గుణాలు తగ్గుతూ వస్తే, ఫ్లై యాష్‌ది మెరుగుపడింది. స్లాగ్‌లో సూక్ష్మమైన పగుళ్లు ఎక్కువ కావడం దానికి కారణమని, ఫ్లై యాష్‌లో జెల్ ఏర్పడుతూ సన్నని రంధ్రాలను పూడ్చిందని వారు వివరించారు. పూర్తి స్లాగ్‌తో వచ్చిన ఫలితాన్ని కొద్ది శాతం స్లాగ్ కలిపిన మిశ్రమానికి యథాతథంగా వర్తింపజేయలేం, అయినా హెచ్చరికగా తీసుకోవచ్చు. స్లాగ్ కలిపితే మొదటి రోజుల్లో తేమ బయటికి పోకుండా పాలిథిన్ షీటుతో గట్టిగా కప్పి ఉంచండి. కోస్తా వేసవి ఎండలో ఆ జాగ్రత్త లేకపోతే, స్లాగ్ వల్ల వచ్చిన లాభం మొత్తం ఉపరితలపు పగుళ్లలో పోతుంది.

ప్రశ్నించినవారు: కృష్ణాతీరం_ప్రీకాస్ట్

ఇద్దరికీ ధన్యవాదాలు. వరంగల్ మేడం గారు అడిగిన వివరం కోసం రిజిస్టరు తీసి చూశాను. ఆరు నెలలకు తక్కువ చూపించినవన్నీ పరీక్షశాల ఆనవాయితీ ప్రకారం నీటి తొట్టెలో ఉంచిన క్యూబులు. గదిలో ఆరబెట్టి ఉంచినవి తగ్గలేదు. తొట్టె నీరు కూడా చేతికి జారుడుగా తగులుతోంది. షెడ్డు బయట ఉన్న కెర్బ్ రాళ్ల అడుగున, నేలకు తగిలే చోట, తెల్లటి ఉప్పు పొర లేస్తోంది. ఈ రెండింటికీ సంబంధం ఉందా?

జవాబు: హైదరాబాద్_టెస్టింగ్

ఉంది. మీ ప్రశ్నకు అసలైన కీలకం ఇక్కడే ఉందని అనుకుంటున్నాను. పదార్థ పరీక్షల ప్రయోగశాలలో చాలాకాలంగా ఉన్నాను కనుక ఆచరణ వైపు నుంచి చెబుతాను. నీరు జారుడుగా ఉందంటే బంధకంలో ఇమడని సోడియం కరిగి బయటికి వస్తోందన్నమాట. అదే సోడియం నేల తేమతో పాటు పైకి ఎక్కి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిస్తే తెల్లటి కార్బొనేట్ పొరగా మారుతుంది. జియోపాలిమర్‌ను తొట్టెలో ఉంచడం వల్ల సిమెంటు క్యూబుకు కలిగే మేలు ఏదీ కలగదు, పైగా రంధ్రాల్లోని క్షారం పలచబడుతుంది. దానికి తోడు, నీటితో నిండిన క్యూబు పొడి క్యూబు కన్నా తక్కువ బలం చూపించడం ఏ కాంక్రీటుకైనా ఉన్నదే. అందువల్ల మీరు చూసిన తగ్గుదలలో ఎంత భాగం తడి వల్ల వచ్చిందో, ఎంత భాగం సోడియం కోల్పోవడం వల్ల వచ్చిందో విడదీయాలి. తొట్టెలోని క్యూబులను కొన్ని ఆరబెట్టి పరీక్షించండి, పొడిగా ఉన్నవాటిని కొన్ని రెండు రోజులు నానబెట్టి పరీక్షించండి. నానిన పొడి క్యూబు కూడా తొట్టె క్యూబు అంతే చూపిస్తే భయం లేదు. ఆరబెట్టిన తొట్టె క్యూబు మళ్లీ కోలుకోకపోతే మాత్రం మిశ్రమాన్నే సరిదిద్దాలి.

సరిదిద్దడం అంటే చాలా సందర్భాల్లో క్షారాన్ని తగ్గించడమే. తొలి బలం కోసం కాస్టిక్ సోడా గాఢత పెంచుకుంటూ పోవడం చాలామందికి అలవాటైపోయింది. 8 మోలార్ ద్రావణం అంటే లీటరుకు 320 గ్రాముల సోడా. 14 మోలార్‌కు వెళితే 560 గ్రాములు. బూడిదలో కరిగే గాజు భాగం దాన్నంతటినీ వాడుకోలేకపోతే మిగిలినది రంధ్రాల్లో స్వేచ్ఛగా తిరుగుతుంది. కర్టిన్ మిశ్రమాల్లో ఒకదానిలో ఘనపు మీటరుకు 408 కిలోల ఫ్లై యాష్‌కు 103 కిలోల సోడియం సిలికేట్, 41 కిలోల 8 మోలార్ సోడా ద్రావణం వాడారు. అది కోలీ అనే ఊరి విద్యుత్ కేంద్రపు బూడిదకు కుదిరిన లెక్క. మీ బూడిదకు అదే అతుకుతుందని అనుకోకుండా, ఆ కొలతను మొదటి ప్రయత్నంగా తీసుకొని, ప్రతి మార్పుకూ తొట్టె నీటి క్షారతను కూడా కొలవండి. సోడియం సిలికేట్ కొనేటప్పుడు సిలికాకూ సోడియం ఆక్సైడ్‌కూ ఉన్న నిష్పత్తిని ప్రతి లోడుకూ రాయించుకోండి. ఆ నిష్పత్తి ఎవరూ చెప్పకుండా మారిపోయిన లోడు మొత్తం పోతను పాడుచేయగలదు.

బూడిద సంగతి ఇంకా ముఖ్యం. ఆర్‌ఎంఐటీ వారే ఆస్ట్రేలియాలోని వేర్వేరు విద్యుత్ కేంద్రాల బూడిదలతో ఒకే తరహాలో జియోపాలిమర్ చేసి చూస్తే, అన్నీ తక్కువ కాల్షియం రకమే అయినా బలాల్లో పెద్ద తేడాలు వచ్చాయి. రసాయన విశ్లేషణ కాగితంలో సిలికా, అల్యూమినా శాతాలు ఒకేలా కనిపించినా, వాటిలో గాజుగా ఉన్నదెంత, క్షారంలో సులభంగా కరగని క్వార్ట్జ్, ముల్లైట్ స్ఫటికాలుగా గడ్డకట్టి ఉన్నదెంత అన్నది ఆ కాగితం చెప్పదు. మన కేంద్రాల్లోనూ బొగ్గు వచ్చే గని మారినా, బాయిలరు మీద భారం మారినా బూడిద మారుతుంది. పొగ నుంచి బూడిదను పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటరులో చివరి అరల బూడిద మొదటి అర కన్నా మెత్తగా ఉంటుంది. ఎక్కడి నుంచి నింపుతున్నారో అడిగి, వీలైతే ఒకే అర నుంచి, పొడి బూడిదనే తీసుకోండి. నీటితో కలిపి చెరువులోకి వదిలిన బూడిద ఈ పనికి పెట్టకండి. ఫ్లై యాష్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 3812 మొదటి భాగం కోరే మెత్తదనం, కాలని కార్బన్ పరిమితులు కనీస అవసరాలు మాత్రమే. ప్రీకాస్ట్ ఉత్పత్తుల్లో క్షారచైతన్య కాంక్రీటు వాడకానికి ఐఎస్ 17452 అనే మార్గదర్శకాలు 2020లోనే వచ్చాయి. మునిసిపల్ ఇంజనీరు గారి ముందుకు వెళ్లేటప్పుడు అది మీ చేతిలో ఉండాలి.

జవాబు: వరంగల్_మెటీరియల్స్

హైదరాబాద్ గారు చెప్పినదాన్ని పూర్తిగా సమర్థిస్తూ రెండు విషయాలు చేరుస్తాను. సోడియం అల్యూమినోసిలికేట్ జెల్ స్ఫటికరూపం లేని పదార్థం. తగినంత తేమ, వేడి, అదనపు సోడియం దొరికితే అది నెమ్మదిగా జియోలైట్ అనే ఖనిజపు స్ఫటికాలుగా మారగలదు. ఆ మార్పు కొన్ని మిశ్రమాల్లో బలాన్ని తగ్గించిందన్న ఫలితాలు ఉన్నాయి. మామూలు ఉష్ణోగ్రతల వద్ద ఇది చాలా నెమ్మదిగా సాగుతుంది, అయినా క్షారాన్ని అవసరానికి మించి పోయకపోవడానికి ఇది మరొక కారణం.

రెండోది మూత పలకల్లోని ఇనుము. ఇంతసేపూ మనం క్యూబు బలం గురించే మాట్లాడుకున్నాం, కానీ కాలువ మూత పలక ఇరవై ఏళ్లలో విఫలమైతే, అది కాంక్రీటు నలిగిపోవడం వల్ల కన్నా కడ్డీ తుప్పు పట్టి కవరు (కడ్డీ మీది కాంక్రీటు పొర) పగలడం వల్ల జరిగే అవకాశమే ఎక్కువ. సిమెంటు కాంక్రీటులో కాల్షియం హైడ్రాక్సైడ్ నిల్వ కార్బొనేషన్‌ను, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటు క్షారతను తగ్గించడాన్ని, చాలాకాలం అడ్డుకుంటుంది. ఫ్లై యాష్ జియోపాలిమర్‌లో అటువంటి నిల్వ లేదు, కడ్డీని కాపాడేది రంధ్రాల్లోని సోడియం ద్రావణమే. ఆ సోడియం నీటితో కొట్టుకుపోతే రక్షణ కూడా తగ్గుతుంది. ప్రయోగశాలల్లో కార్బన్ డయాక్సైడ్ గాఢతను బాగా పెంచి చేసే త్వరిత పరీక్షలు ఈ కాంక్రీటును వాస్తవం కన్నా అధ్వానంగా చూపిస్తాయి. ఆ గాఢతలో సోడియం బైకార్బొనేట్ ఏర్పడి క్షారత మరింత పడిపోతుంది, మామూలు గాలిలో ప్రధానంగా కార్బొనేట్ ఏర్పడుతుంది కనుక అంతగా పడిపోదు. అందువల్ల త్వరిత పరీక్ష ఫలితం చూసి కంగారు పడవద్దు, అలాగని కవరు విషయంలో రాజీ పడవద్దు.

మురుగు కాలువ కాబట్టి ఆమ్లం సంగతి కూడా ఉంది. కర్టిన్ వారు 2 శాతం గంధకామ్లంలో ఏడాదిపాటు ఉంచిన నమూనాలు దాదాపు 3 శాతం బరువే కోల్పోయాయి, ఇది సిమెంటు కాంక్రీటు కన్నా చాలా మెరుగు. కానీ అదే ఆమ్లంలో వాటి సంపీడన బలం మాత్రం గణనీయంగా తగ్గింది. ఆమ్లాన్ని తట్టుకుంటుందని అమ్మకపు పత్రాల్లో రాసేటప్పుడు మొదటి సగం మాత్రమే రాయడం చూస్తుంటాం. మీరు రెండూ రాయండి.

ప్రశ్నించినవారు: కృష్ణాతీరం_ప్రీకాస్ట్

చాలా స్పష్టత వచ్చింది. కడ్డీ లేని కెర్బ్ రాళ్లను ఆవిరి పద్ధతిలోనే కొనసాగించి, మూత పలకలకు క్షారం తగ్గించిన మిశ్రమంతో ముందుగా పరీక్షలు పూర్తి చేద్దామని యజమాని గారితో మాట్లాడాను. చివరిగా ఒక్క సందేహం. ఇకపై దీర్ఘకాలపు క్యూబులను ఎలా నిల్వ చేయాలి?

జవాబు: హైదరాబాద్_టెస్టింగ్

మూడు విధాలుగా. అచ్చు విప్పగానే కొన్నింటిని పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి గదిలో పెట్టండి, మిశ్రమం తన సొంత స్వభావంతో ఎలా మారుతుందో అవి చెబుతాయి. కొన్నింటిని నీటిలో ఉంచి, ఆ నీటిని మార్చినప్పుడల్లా క్షారత రాసి పెట్టుకోండి. మిగిలినవాటిని మీ యార్డులోనే ఎండకూ వానకూ వదిలేసి, పలకలు పనిచేసే చోట ఉండే పరిస్థితినే ఇవ్వండి. ఒక్కో వయసుకు మూడేసి క్యూబులు సరిపోతాయి, ఏడాదికి, రెండేళ్లకు, అయిదేళ్లకు కావలసినవి ఇప్పుడే పోసి ఉంచండి. ప్రతి క్యూబు మీద బూడిద వచ్చిన లోడు, సిలికేట్ లోడు తేదీలతో సహా చెరగని రంగుతో రాయండి. యార్డులోని క్యూబుల ఫలితాలను ఏటా మునిసిపల్ ఇంజనీరు గారికి పంపుతూ ఉంటే, ఆయన అడిగిన ఆధారం మీ ఊరి బూడిదతో, మీ ఊరి వాతావరణంలోనే తయారవుతుంది.